బొమ్మలు కూడు పెడతాయా? ఆర్కిటిక్‌లో ఒక ఊరి సొసైటీ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక కరెన్సీ నోటుతో మొదలుపెడదాం.

నా బీటెక్ బ్యాచ్‌మేట్ ఒకడు కెనడాలో సెటిలయ్యాడు. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు "నీ వీడియోలకి ఏమన్నా పనికొస్తుందేమో చూడరా" అని ఒక పది డాలర్ల నోటు నా చేతిలో పెట్టాడు. 2017లో కెనడా దేశానికి 150 ఏళ్లు నిండినప్పుడు స్పెషల్‌గా వేసిన నోటు అది. అందులో ఒక గుడ్లగూబ బొమ్మ ఉంది. ఆ బొమ్మ గీసినావిడ పేరు కెనోజువాక్ అషెవాక్. 1927లో ఇగ్లూలో పుట్టింది. అంటే మంచు దిమ్మెలు పేర్చి కట్టిన ఇంట్లో.

మన ఇళ్లల్లో పిల్లలు బొమ్మలేసుకుంటూ కూర్చుంటే పెద్దవాళ్లు ఒక మాట అంటారు కదా, "బొమ్మలు కూడు పెడతాయా?" అని. నేను ఐటీ జాబ్ మానేసి కెమెరా పట్టుకున్నప్పుడు మా నాన్న కూడా ఇంచుమించు ఇదే అడిగారు. ఇదే ప్రశ్నకి ఆర్కిటిక్‌లో ఒక ఊరు ఊరంతా కలిసి అరవై ఏళ్లకు పైగా జవాబు చెప్తోంది. ఆ జవాబులో సగం అవును, సగం కాదు. రెండు సగాలూ ఈ రోజు చూద్దాం. మంచి సగం ఒక్కటే చెప్పి వదిలేస్తే అది హిస్టరీ కాదు, మోటివేషనల్ రీల్ అవుతుంది.

ముందు ఊరి సంగతి. పేరు కింగైట్. ఇనుక్టిటుట్ భాషలో కొండలు అని అర్థం. 2020 దాకా మ్యాపుల్లో కేప్ డోర్సెట్ అని ఉండేది. కెనడా ఉత్తరాన బాఫిన్ అనే పెద్ద దీవి ఉంటుంది, దాని దక్షిణపు అంచున ఉంటుందీ ఊరు. జనాభా సుమారు 1,400. ఇది నునావుట్ అనే ప్రాంతంలోకి వస్తుంది. నునావుట్ వైశాల్యం ఇండియాలో దాదాపు మూడింట రెండొంతులు. జనాభా ఎంతో తెలుసా? 2021 లెక్కల ప్రకారం 37 వేల లోపే. మొత్తం 25 ఊళ్లు. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు, దక్షిణ కెనడాకీ రోడ్డు లేదు. వేసవిలో సముద్రం కరిగినప్పుడు ఓడలు వస్తాయి. మిగతా ఏడాదంతా ఏం రావాలన్నా విమానమే.

అక్కడ ఉండేవాళ్లు ఎక్కువమంది ఇనుయిట్‌లు. చిన్నప్పుడు మన టెక్స్ట్‌బుక్స్‌లో "ఎస్కిమోలు" అని చదువుకున్నాం కదా, ఆ మాటని వాళ్లు ఇప్పుడు ఇష్టపడరు, కాబట్టి మనమూ వాడొద్దు. పాత సంస్థల పేర్లలో వస్తే తప్ప.

అక్కడ వ్యవసాయం కుదరదు. తిండి అంటే సీల్, కారిబూ అనే అడవి జింకలు, వాల్రస్, ఆర్కిటిక్ చార్ అనే చేప, పక్షులు. వేటాడి తెచ్చింది ఒక్కడిది కాదు. బంధువులకి, ముసలివాళ్లకి, వేటకి పోలేనివాళ్లకి వాటా వెళ్లాలి. మన దగ్గర పండక్కి వండింది పక్కింటికి పంపినట్టు మర్యాద కోసం చేసేది కాదిది. అది అక్కడి ఇన్సూరెన్స్. ఈ రోజు నాకు సీల్ దొరికింది, రేపు నీకు దొరుకుతుంది. ఒకరికొకరు పంచుకోకపోతే ఇద్దరూ పోతారు.

మరి ఇంత పద్ధతిగా ఉన్న చోటకి పెద్ద కరువు ఎలా వచ్చింది? వేట దొరకని రోజులు అక్కడ ఎప్పుడూ ఉండేవి. కానీ ఇరవయ్యో శతాబ్దంలో ఒక కొత్త లెక్క మొదలైంది. 1913లో హడ్సన్స్ బే కంపెనీ కేప్ డోర్సెట్‌లో దుకాణం తెరిచింది. ఆ కంపెనీకి కావాల్సింది తెల్ల నక్క తోలు. యూరప్‌లో, అమెరికాలో కోటు కాలర్లకి, షాల్స్‌కి దానికి గిరాకీ. నక్క తోలు ఇస్తే తుపాకీ, తూటాలు, టీ, పిండి, పొగాకు ఇస్తారు. జనం మెల్లగా సీల్ వేట టైమ్‌ని తగ్గించి నక్కల బోన్ల వెనక తిరగడం మొదలుపెట్టారు. ఇక్కడ చిక్కేంటంటే, సీల్‌ని పట్టుకుంటే మాంసం, దీపానికి కొవ్వు, బూట్లకి తోలు, మూడూ వస్తాయి. నక్కని పట్టుకుంటే తోలు వస్తుంది, అంతే. దాని రేటు లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో ఎవరో డిసైడ్ చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ రేటు దబ్బున పడిపోయింది. తూటాలు కొనడానికి డబ్బుల్లేవు. తూటాల్లేకపోతే వేట లేదు. వేట లేకపోతే కుక్కలకీ తిండి లేదు, స్లెడ్జి లాగే కుక్కలు లేకపోతే దూరం వెళ్లలేరు. ఒకటి తెగితే వరసగా అన్నీ తెగిపోయాయి.

లోపలి ప్రాంతాల్లో పరిస్థితి ఇంకా ఘోరం. 1957-58 చలికాలంలో గ్యారీ లేక్, బ్యాక్ రివర్ వైపు కారిబూ మందలు దొరక్క మనుషులు ఆకలితో చనిపోయారు. కెనడా అప్పటికే ప్రపంచంలో బాగా డబ్బున్న దేశాల్లో ఒకటి, అది గుర్తుపెట్టుకోండి. ఆ ఆకలి నుంచి బయటపడి 1958లో బేకర్ లేక్ అనే ఊరు చేరిన ఒకావిడ పేరు జెస్సీ ఊనార్క్. అక్కడ ఆమె పెన్సిల్ పట్టుకుని బొమ్మలు గీసింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ డ్రాయింగ్స్ కింగైట్‌లో ప్రింట్లుగా అచ్చయ్యాయి. తర్వాత కెనడాలో పెద్ద ఆర్టిస్టుల్లో ఒకరైంది.

కింగైట్‌లోనే ఇంకొకావిడ, పిట్సియొలాక్ అషూనా. 1904 ప్రాంతంలో పుట్టింది. భర్త మంచి వేటగాడు. 1940ల్లో జబ్బుచేసి పోయాడు. వేటాడే మనిషి పోతే ఆ ఇంటికి పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. పిల్లల్ని పెట్టుకుని ఏళ్ల తరబడి పస్తులు పడింది. బట్టలు కుట్టి నెట్టుకొచ్చింది. తర్వాత ఊళ్లో వాళ్లు బొమ్మలమ్మి డబ్బు తెచ్చుకోవడం చూసి తనూ కాగితం తీసుకుంది. అప్పటికి ఆమెకి యాభై దాటింది. చనిపోయేలోపు ఏడు వేలకు పైగా డ్రాయింగ్స్ వేసింది. మన ఇంట్లో అమ్మమ్మ యాభై దాటాక కొత్త కెరీర్ మొదలుపెట్టి ఏడు వేల బొమ్మలు వేసిందనుకోండి. ఆ స్కేల్ అన్నమాట.

సరే, ఆ కాగితం, ఆ కొనేవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు?

1948లో జేమ్స్ హ్యూస్టన్ అనే కుర్ర ఆర్టిస్టు ఆర్కిటిక్‌కి వచ్చాడు. ఇనుయిట్‌లు రాతితో చెక్కిన చిన్న చిన్న బొమ్మలు చూసి కొన్ని పట్టుకెళ్లాడు. 1949లో మాంట్రియాల్‌లో అమ్మకానికి పెడితే కొద్ది రోజుల్లోనే మొత్తం అమ్ముడుపోయాయి. తర్వాత ఆయన గవర్నమెంట్ ఉద్యోగిగా కేప్ డోర్సెట్‌లోనే కాపురం పెట్టాడు.

1957 చలికాలంలో జరిగిన ఒక సంఘటనని హ్యూస్టన్ తనే రాసుకున్నాడు. ఓసుయిటోక్ ఇపీలీ అనే శిల్పి రెండు సిగరెట్ పెట్టెలు ముందు పెట్టుకుని చూస్తున్నాడట. రెండింటి మీదా అదే నావికుడి బొమ్మ, అచ్చు గుద్దినట్టు. "పాపం ఎవడో కూర్చుని ప్రతి పెట్టె మీదా ఇదే బొమ్మ వేస్తున్నాడు, ఎంత విసుగో" అన్నట్టు మాట్లాడాడట. అచ్చు అంటే ఏంటో చెప్పడానికి హ్యూస్టన్, ఓసుయిటోకే చెక్కిన వాల్రస్ దంతం ఒకటి తీసుకుని, దాని మీద సిరా పూసి, పల్చటి కాగితం అద్ది తీశాడు. బొమ్మ దిగింది. ఓసుయిటోక్ చూసి, ఇది మేమూ చేయగలం అన్నాడట.

అక్కడితో ఆగి ఉంటే అది ఒక సరదా కథ అయ్యేది. 1958లో హ్యూస్టన్ జపాన్ వెళ్లి, ఉనిచి హిరత్సుకా అనే పేరున్న అచ్చుబొమ్మల కళాకారుడి దగ్గర కొన్ని నెలలు పని నేర్చుకుని వచ్చాడు. పెడన కలంకారీలో చెక్క దిమ్మెని బట్ట మీద గుద్దుతారు, చూసుంటారు. ఇక్కడ ఉల్టా. పెద్ద రాయిని చదును చేసి, బొమ్మ చెక్కి, పైకి ఉన్న భాగానికి రంగు పూసి, దాని మీద పల్చటి జపాన్ కాగితం పరిచి మెల్లగా రుద్దుతారు. చెక్కకి బదులు రాయి ఎందుకంటే, ఆ ఊళ్లో చెట్లు లేవు. రాయి ఉంది, రాయి చెక్కే చేతులున్నాయి.

పని కూడా పంచుకున్నారు. ఒకరు డ్రాయింగ్ వేస్తారు, ఇంకొకరు రాయి చెక్కుతారు, ఇంకొకరు అచ్చు తీస్తారు. ఒక రాయికి సాధారణంగా 50 కాపీలే. అయిపోగానే రాతి మీది చెక్కడం చెరిపేస్తారు, ఇక ఎవరూ డూప్లికేట్ కొట్టలేరు. 1959లో మొదటి కేటలాగ్ వచ్చింది. అందులో కెనోజువాక్ గీసిన బొమ్మ ఒకటుంది, సముద్రపు నాచు తింటున్న కుందేలు. నోటు మీద గుడ్లగూబ వేసిన మనిషి మొదటి ప్రింట్ తిండి గురించే, గమనించారా?

నాకు ఈ మొత్తం కథలో అసలు పాయింట్ ఇక్కడుంది. అదే 1959లో ఊరివాళ్లు ఒక కోఆపరేటివ్ రిజిస్టర్ చేశారు. పేరు వెస్ట్ బాఫిన్ ఎస్కిమో కోఆపరేటివ్. మన భాషలో చెప్పాలంటే సొసైటీ. పాల సొసైటీ, చేనేత సొసైటీ లాంటిదే. ఓనర్లు ఇనుయిట్‌లే. మొదటి ఏళ్లలో దానికి ప్రెసిడెంట్ ఎవరో తెలుసా? కననగినాక్ పూటూగూక్. 1935లో పుట్టాడు. లెక్కేసుకోండి, 24 ఏళ్లు. ఆ వయసులో నేను ఆఫీసులో బగ్ టికెట్లు క్లోజ్ చేస్తున్నా. ఆయన ఊరి కంపెనీ నడిపిస్తున్నాడు. రాళ్లు చెక్కిన, అచ్చు తీసిన మిగతావాళ్లు కూడా ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే. స్టార్టప్ అనే మాట పుట్టకముందు సంగతి ఇది.

ఆ సొసైటీ రూల్ సింపుల్. డ్రాయింగ్ పట్టుకొస్తే అప్పటికప్పుడే డబ్బిచ్చి కొంటుంది. అది రేపు ప్రింట్ అవుతుందో లేదో, ఎవరైనా కొంటారో లేదో, ఆ రిస్క్ సొసైటీది, గీసినావిడది కాదు. పిట్సియొలాక్ లాంటి ఒంటరి తల్లికి ఈ ఒక్క రూల్ ఎంత పెద్దదో ఆలోచించండి. ఈ రోజు గీస్తే ఈ రోజే డబ్బు. 1960ల్లో సొసైటీ తన సొంత దుకాణం కూడా తెరిచింది. అప్పటిదాకా ఊళ్లో హడ్సన్స్ బే కంపెనీ చెప్పిందే రేటు, ఇప్పుడు పోటీ వచ్చింది.

మరి బొమ్మకీ కూటికీ లింక్ ఏంటంటే, చాలామంది ఇలా అనుకుంటారు: బొమ్మ అమ్మారు, డబ్బొచ్చింది, షాపులో తిండి కొన్నారు. సగమే కరెక్ట్. 1960ల తర్వాత జనం ఊళ్లల్లో స్థిరపడ్డారు, కుక్కల స్లెడ్జిల ప్లేస్‌లో స్నోమొబైల్స్ వచ్చాయి. ఇప్పుడు వేటకి పోవాలంటే స్నోమొబైల్ కావాలి, పెట్రోలు కావాలి, తూటాలు కావాలి, పడవ కావాలి. అన్నిటికీ నగదు కావాలి. అంటే భార్య గీసిన బొమ్మ డబ్బు భర్త స్నోమొబైల్‌లో పెట్రోలు అవుతుంది. ఆ పెట్రోలు సీల్ మాంసం అవుతుంది. ఆ మాంసం పది ఇళ్లకి వాటాలుగా వెళ్తుంది. బొమ్మ కూడు పెట్టింది, కానీ ఈ దారిలో.

ఈ మోడల్ పాకింది. ఆర్కిటిక్ అంతటా ఊరూరా సొసైటీలు వచ్చాయి. ఈ రోజు ఆర్కిటిక్ కోఆపరేటివ్స్ లిమిటెడ్ అనే సమాఖ్య కింద ముప్పైకి పైగా ఉన్నాయి.

ఇది "అవును" సగం. ఇప్పుడు "కాదు" సగం.

బొమ్మల డబ్బు లాగే సీల్ తోలు డబ్బు కూడా వేటకి ఆధారం. మాంసం తింటారు, తోలు అమ్ముతారు, ఆ డబ్బుతో మళ్లీ వేటకి పోతారు. 1983లో యూరప్ దేశాలు తెల్ల సీల్ పిల్లల తోళ్ల దిగుమతిని ఆపేశాయి. ఇనుయిట్‌లు ప్రధానంగా వేటాడేది ఆ పిల్లల్ని కాదు, రింగ్డ్ సీల్ అనే వేరే జాతిని. వాళ్లకి మినహాయింపు కూడా ఇచ్చారు. కానీ కొనేవాడికి ఆ తేడా తెలియదు కదా. సీల్ తోలు అంటేనే మొహం తిప్పుకున్నారు, మార్కెట్ మొత్తం కుప్పకూలింది. 2009లో యూరోపియన్ యూనియన్ ఇంకో పెద్ద నిషేధం పెట్టింది. కాగితం మీద మినహాయింపు ఉంది, జేబులో డబ్బు లేదు.

పిట్సియొలాక్ కథ గుర్తుందిగా? ఆమె కూతురు నపాచీ కూడా ఆర్టిస్ట్. నపాచీ కూతురు ఆనీ పూటూగూక్, 1969లో పుట్టింది. అమ్మమ్మ పాత రోజుల జ్ఞాపకాలు గీసింది. ఆనీ తన కళ్ల ముందు ఉన్నది గీసింది. ఇంట్లో నేల మీద కూర్చుని సీల్ మాంసం కోసుకు తింటున్న కుటుంబం. టీవీ. గోడ గడియారం. తాగి వచ్చి గొడవ చేసే మగవాడు. 2005లో వేసిన ఒక బొమ్మ పేరు "కేప్ డోర్సెట్ ఫ్రీజర్". ఊరి దుకాణంలో పొడవాటి ఫ్రీజర్లు, వాటినిండా ప్యాకెట్ ఫుడ్, ముందు నిలబడ్డ జనం. అంతే బొమ్మ. అమ్మమ్మ ఆకలి బయట మంచులో ఉండేది, మనవరాలి ఆకలి ఫ్రీజర్ అద్దానికి ఇటుపక్క నిలబడింది.

ఆనీకి 2006లో సోబీ ఆర్ట్ అవార్డ్ వచ్చింది, 50 వేల డాలర్లు. మరుసటి ఏడాది జర్మనీలో డాక్యుమెంటా అనే ప్రపంచ స్థాయి ఎగ్జిబిషన్‌లో బొమ్మలు పెట్టారు. తర్వాత ఆమె ఒట్టావాలో ఉండిపోయింది. చివరి ఏళ్లు చాలా కష్టంగా గడిచాయి. 2016 సెప్టెంబర్‌లో రీడో నదిలో ఆమె శవం దొరికింది. వయసు 47. ఇది చెప్పకుండా దాటేయొచ్చు. కానీ అవార్డు ఒక మనిషిని పైకెత్తుతుంది, నిలబెట్టాలంటే మాత్రం చుట్టూ ఏదో ఉండాలి. అమ్మమ్మకి సొసైటీ, ఊరు, వాటా మాంసం ఉన్నాయి. మహానగరంలో ఆనీకి అవి లేవు.

ఇక లెక్కల సంగతి. 2007-08లో నునావుట్‌లో ఇనుయిట్ పిల్లల మీద ఒక పెద్ద ఆరోగ్య సర్వే చేశారు. బడికి వెళ్లే వయసు రాని పిల్లల్లో దాదాపు 70 శాతం మంది, తిండికి భరోసా లేని ఇళ్లల్లో ఉన్నారని తేలింది. పదిమందిలో ఏడుగురు. 2011లో ప్రభుత్వం పాత సబ్సిడీ తీసేసి న్యూట్రిషన్ నార్త్ అనే కొత్త స్కీమ్ పెట్టింది. ఇందులో సబ్సిడీ డబ్బు షాపులకి వెళ్తుంది, అక్కణ్నుంచి జనానికి చేరాలి. ఎంత చేరుతోంది అనే గొడవ అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది.

2012లో కొత్త తరం కొత్త పెన్సిల్ పట్టుకుంది. ఫోన్. "ఫీడింగ్ మై ఫ్యామిలీ" అనే ఫేస్‌బుక్ గ్రూప్ మొదలైంది. చేసిన పని చిన్నదే. షాపుకి వెళ్లి రేటు స్టిక్కర్ ఫోటో తీసి పోస్ట్ చేయడం. పాలు ఇంత, క్యాబేజీ ఇంత, డైపర్లు ఇంత. వేలమంది చేరారు. ఆ జూన్‌లో ఊళ్లల్లో జనం షాపుల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా నిలబడి గట్టిగా అరవడం ఇనుయిట్ మర్యాదలో లేని పని, అయినా వచ్చారు. దక్షిణ కెనడాలో చాలామందికి ఆ రేట్లు మొదటిసారి కళ్లకి కనబడ్డాయి. నన్నడిగితే, ఆనీ గీసిన ఫ్రీజర్ బొమ్మకి అది సీక్వెల్.

2014లో ఇంకోటి జరిగింది. ఆస్కార్ ఫంక్షన్‌లో ఎలెన్ డీజెనరెస్ తీసిన సెల్ఫీ గుర్తుందా? దాని పేరు మీద వచ్చిన విరాళంలో కొంత, సీల్ వేటకి వ్యతిరేకంగా పనిచేసే ఒక సంస్థకి వెళ్లింది. ఇనుయిట్ కుర్రాళ్లు తిట్టలేదు. సీల్ తోలు కోట్లు, బూట్లు వేసుకుని, సీల్ మాంసం తింటూ ఫోటోలు దిగి "సీల్ఫీ" అని పెట్టారు. 2016లో అలెథియా ఆర్నకుక్-బారిల్ అనే ఇనుక్ డైరెక్టర్ "యాంగ్రీ ఇనుక్" అనే డాక్యుమెంటరీలో ఈ సంగతంతా చూపించింది. సీల్ తోలుతో కొత్త డిజైన్లు కుట్టి అమ్మే వాళ్ల పోరాటం కూడా అందులో ఉంది. చూడండి, వర్త్ ఇట్.

కింగైట్‌లో 2014లోనే "ఎంబసీ ఆఫ్ ఇమాజినేషన్" అనే ప్రాజెక్ట్ మొదలైంది. ఊరి పిల్లలు, టీనేజర్లు గోడల మీద పెద్ద బొమ్మలు వేశారు, టొరంటో వరకూ వెళ్లి వేశారు. 2018లో కెనోజువాక్ పేరు మీద కల్చరల్ సెంటర్, కొత్త ప్రింట్ స్టూడియో తెరిచారు. 1959 నుంచి ఏటా వస్తున్న ఆ ప్రింట్ల కలెక్షన్ ఇప్పటికీ వస్తోంది. కానీ షాపులో రేట్లు ఇప్పటికీ మండుతున్నాయి. ఇంకో నిజం కూడా చెప్పాలి: సొసైటీ నడిపే దుకాణంలో కూడా సరుకు వేసవిలో ఓడలోనో, మిగతా ఏడాదంతా విమానంలోనో రావాలి. మన సొసైటీ కదా అని ఏ విమానమూ ఫ్రీగా మోయదు.

మరి మొదటి ప్రశ్నకి వద్దాం. బొమ్మలు కూడు పెడతాయా?

కింగైట్ చరిత్ర చూస్తే నాకు అర్థమైంది ఇది. ఒంటరి బొమ్మ పెట్టదు. గీసిన రోజే డబ్బిచ్చే సొసైటీ వెనకుంటే, ఆ డబ్బు వేటగాడి పెట్రోలుగా మారితే, ఆ వేట పది ఇళ్లకి పంచుకునే అలవాటు బతికుంటే, అప్పుడు పెడుతుంది. ఆ గొలుసులో ఎక్కడ తెగినా, బ్రస్సెల్స్‌లో ఒక నిషేధంతోనో, ఒట్టావాలో ఒక సబ్సిడీ ఫార్ములాతోనో, ఆకలి మళ్లీ ఇంట్లోకి వస్తుంది. సొసైటీ చేతుల్లో ఉన్నది సొసైటీ చేసింది. ప్రభుత్వం చేయాల్సింది బొమ్మలు చేయలేవు.

యూత్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ అని సెమినార్లలో వింటుంటాం. ఒక్కడు కష్టపడి పైకొచ్చాడు అనే కథలే ఎక్కువ చెప్తారు. 24 ఏళ్ల కననగినాక్ కథలో నాకు నచ్చింది వేరే. అతను తన ఒక్కడి కోసం కంపెనీ పెట్టుకోలేదు. ముసలి పిట్సియొలాక్‌కి ఆ పూట డబ్బు అందే కౌంటర్ ఒకటి ఊళ్లో నిలబెట్టినవాళ్లలో అతనొకడు.

ఆ పది డాలర్ల నోటు నా టేబుల్ మీదే ఉంది. మా నాన్నకి చూపించి కథంతా చెప్పాను. ఆయన నోటు అటూ ఇటూ తిప్పి చూసి, "సొసైటీ ఉందిలే వాళ్లకి, నీకెవరున్నార్రా?" అన్నారు. కరెక్టే. ఆ ప్రశ్నకి జవాబు ఇంకా వెతుక్కుంటున్నా. మీ ఊళ్లో ఇలా పదిమంది కలిసి నడిపే సొసైటీ ఏదైనా ఉంటే, పాలదైనా, నేతదైనా, బొమ్మలదైనా, కామెంట్‌లో చెప్పండి. వచ్చి మాట్లాడతాను. మళ్లీ కలుద్దాం, బై.